ద్రావకము దేనిని కరగించును?

మన బజారులలో ఆమ్లమునకు ద్రావకమని పేరు. కంసాలి గీటురాయిపై బంగారమును గీసి ఆ గీతపై చుక్క వేసి చూచునదియు ద్రావకమే. మోటారు బండి బ్యాటరీలో పోయునదియు ద్రావకమే. ద్రవింపజేయునది, అనగా కరగించునది గనుక ద్రావకము. పేరు చక్కనిదే. కాని దీనిని విన్న పిల్లల మనస్సులలో ఒక అపోహ నాటుకొనుచున్నది. ఆమ్లము ఎదురుపడిన ప్రతి వస్తువును తినివేయుననియు, ఎంత బలమైనదైన నంత వేగముగా తినుననియు వారు తలంతురు. మన చలనచిత్రములును ఈ అపోహను పెంచినవే. ప్రతినాయకుని గుహలో పొగలు గ్రక్కు తొట్టి యొకటి యుండును. అందు పడినది యేదైనను క్షణములో మాయమగును.

విచిత్రమేమనగా, ఆ చిత్రములను మోసిన ఫిల్మునే ఒక ఆమ్లము నిజముగా తినివేయుచున్నది. నేడు తెలుగు చిత్రపరిశ్రమకు నిలయమైన ఫిల్మ్ నగరులో గాని, అంతకుముందు మదరాసులో గాని తయారైన పాత చిత్రముల రీళ్లు అనేకము, ఎవ్వరును ఏమియు పోయకుండగనే, తమ డబ్బాలలో తామే పులిసి చెడుచున్నవి. ఆ ఆమ్లము పొగలు గ్రక్కునది కాదు. పచ్చళ్లలో వేయు వెనిగరులోని పులుపే. ఇంత బలహీనమైన ఆమ్లము అంత హాని యెట్లు చేయగలదో తెలియవలెనన్న, ఆమ్లము కరగించుట యన నేమో మొదటినుండి చూడవలయును.

ఆమ్లమును గూర్చి మహాపండితులే పొరబడిరి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిసియే 18వ శతాబ్దమున, పులుపునకు మూలము ప్రాణవాయువని తలంచి, దానికి ‘ఆమ్లమును పుట్టించునది’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను. మన శాస్త్రగ్రంథకర్తలు ఆ పేరునే తెనిగించి ఆమ్లజని యనిరి. 1810లో ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ, ఉప్పునుండి తీయు ఉదజహరికామ్లములో, అనగా హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో, ఆమ్లజని లేశమైనను లేదని నిరూపించెను. తప్పు బయటపడినను పేరు మారలేదు. న్యాయమునకు ఆ పేరు ఉదజనికి చెల్లవలసినది. స్వీడను దేశస్థుడైన అర్హీనియస్ 19వ శతాబ్దపు చివర, నీటిలో ఉదజని అయానుల నిచ్చునది ఆమ్లమనియు, ఉదజనియు ఆమ్లజనియు జతగూడిన హైడ్రాక్సైడు అయానుల నిచ్చునది క్షారమనియు చెప్పెను. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ అను ఇరువురు వేర్వేరుగా దీనిని మరింత విశాలము చేసిరి. ఉదజని పరమాణువు తన ఎలక్ట్రానును పోగొట్టుకొనగా మిగులునది ప్రోటాను. దానిని దానము చేయునది ఆమ్లము. దానిని పుచ్చుకొనునది క్షారము.

విద్యార్థులు ఈ దానమును గూర్చిన మాటను మరువరాదు. దాత యెంత యుదారుడైనను పుచ్చుకొనువాడు లేనిదే దానము జరుగదు. ఒక వస్తువు ఆమ్లములో కరగునా కరగదా యనునది ఆమ్లముయొక్క బలమునుబట్టి మాత్రమే గాక, ఆ వస్తువు పుచ్చుకొనుటకు సిద్ధముగా నున్నదా యనుదానినిబట్టి యుండును.

దీనికి నిదర్శనము మన కాళ్లక్రిందనే యున్నది. తాండూరు నాపరాళ్లు పరచిన ఇండ్లు హైదరాబాదునందు లెక్కకు మిక్కిలిగా నున్నవి. నున్నగా మెరుగుపెట్టిన ఆ రాతిపై నిమ్మరసము చింది కొంతసేపున్నచో, అచ్చట మెరుగు పోయి మచ్చ పడును. స్నానపుగదిని శుభ్రపరచు ఆసిడ్ పడినచో బుసబుస పొంగును. నాపరాయి సున్నపురాతి జాతిది. అందలి కార్బొనేటు ప్రోటానులను ఆత్రముతో పుచ్చుకొని, నీరుగను బొగ్గుపులుసు గాలిగను విడిపోవును. గాలి బుడగలై లేచిపోవును. సున్నపు భాగము నీటిలో కలసిపోవును. ఇక జూబిలీ హిల్సు, బంజారా హిల్సు గుట్టలను చూడుడు. కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనములో పొదలనడుమ తలలెత్తి నిలిచిన ఆ గుండ్లు గ్రానైటు. వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. వానిపై అదే ఆసిడ్ పోసినను పొంగు రాదు. అందలి పలుగురాయిలో సిలికానును ఆమ్లజనియు ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనియున్నవి. వానికి ప్రోటానులతో పనిలేదు. గ్రానైటులోని మరియొక ఖనిజమైన ఫెల్డుస్పారు మాత్రము వాననీటిలోని కొద్దిపాటి పులుపునకు యుగములు గడచిన పిమ్మట లొంగి, తెల్లని మెత్తని మన్నగును. ఆ పనికి మనుష్యుల ఆయుర్దాయము చాలదు.

అట్లయిన గాజు మాటేమి? గాజును పలుగురాతి కుటుంబమునకు చెందినదే. అందువలననే గంధకికామ్లమును, నత్రికామ్లమును గాజుసీసాలలో నిర్భయముగా నిలువచేయుదురు. గాజును తినునది హైడ్రోఫ్లోరికామ్లము. రసాయన శాస్త్ర పరిభాషలో ఇది బలహీనమైన ఆమ్లము! నీటిలో తన ప్రోటానులను కొద్దిగానే విడుచును. ఐనను, ప్రబలమైన గంధకికామ్లము చేయలేని పనిని ఇది చేయుచున్నది. కారణము, దీనిలో ప్రోటానుతో గూడ వచ్చిన ఫ్లోరైడు, సిలికానును ఆమ్లజనికంటె గట్టిగా పట్టుకొనగలదు. ఈ ఆమ్లము చర్మము పైని నొప్పి తెలియకుండగనే లోనికి చొచ్చి, శరీరములోని కాల్షియమును బంధించి ప్రాణము తీయగలదు. ఏ పాఠశాల ప్రయోగశాలయందును దీనికి చోటులేదు. బలము వేరు, ప్రమాదము వేరు అని చెప్పుటకే దీని నిచ్చట పేర్కొంటిని.

లోహముల తీరు వేరు. తుత్తునాగము ఉదజహరికామ్లములో కరగి ఉదజని వాయువును విడుచుటను మన విద్యార్థులు తరగతిలో చూచినారు. రాగి ఆ ఆమ్లమున కట్లు లొంగదు. ప్రోటానునకు రాగినుండి ఎలక్ట్రానులను లాగుకొను శక్తి లేదు. నత్రికామ్లములోని నత్రిత భాగమునకు ఆ శక్తి కలదు గనుక రాగియు వెండియు అందు కరగును. బంగారము మాత్రము కరగదు. కంసాలి పరీక్షలోని మర్మమిదియే: గీటురాతిపైనున్న గీతలో కల్తీ రాగియు వెండియు కరగిపోగా, మిగిలిన పచ్చదనమే మేలిమి. ఒక పాలు నత్రికామ్లమునకు మూడు పాళ్లు ఉదజహరికామ్లము కలిపినచో బంగారమును కరగును. విడివిడిగా ఏదియు చేయలేని పని ఇది. నత్రికామ్లము బంగారమునుండి ఎలక్ట్రానులను లాగును. విడివడిన బంగారపు అయానును రెండవ ఆమ్లములోని క్లోరైడు మరల వెనుకకు పోనీయక పట్టుకొనును. ఒకడు తలుపు తీసి మరియొకడు సొమ్ము మూటగట్టినట్లున్నది.

క్షారముల సంగతి మన పల్లెలలో పూర్వమునుండి తెలిసినదే. బూడిదతో అంట్లు తోమిరి. చౌటిమంటితో బట్టలు ఉతికిరి. జిడ్డును విడదీయుట క్షారములకు సహజగుణము. నూనెలయందును క్రొవ్వులయందును ఎస్టరు అను ఒక విధమైన ముడి యున్నది. క్షారమా ముడిని కోసినప్పుడు పుట్టునదే సబ్బు. కాస్టిక్ సోడా వంటి ప్రబలక్షారము చేతికి తగిలినచో జారుడుగా నుండును. ఆ జారుడు మన చర్మములోని క్రొవ్వు సబ్బగుటవలన కలిగినది! మాంసకృత్తులను గూడ క్షారము కరగించును. ఆమ్లము సాధారణముగా చర్మముపై పెచ్చు కట్టించి, ఆ పెచ్చువలన తానే కొంత ఆగిపోవును. క్షారము దారి మెత్తబరచుకొనుచు లోలోనికి పోవును. కంటికి ఆమ్లముకంటె క్షారమే ఎక్కువ భయంకరమని వైద్యులు చెప్పుట ఇందువలననే. సున్నపు డబ్బాతో ఆడుకొను పసిపిల్లల తల్లులు దీనిని గమనింపవలెను.

ఆమ్లము పడినచో క్షారము పోయుట, క్షారము పడినచో నిమ్మరసము పిండుట విరుగుడని కొందరు తలంతురు. పరీక్షనాళికలో ఆ లెక్క సరిపోవును, చర్మముపై సరిపోదు. రెండును కలియునప్పుడు పుట్టు వేడి గాయమును పెంచును. విరుగుడు ఎక్కువైనచో అదియే క్రొత్త గాయము చేయును. ధారాళమైన చల్లని నీటితో చాలసేపు కడుగుటయే ప్రథమచికిత్స. ఈ విరుగుడు మాటతో ఫిల్ము విషయములోను మరల మనకు పని కలదు.

ఫిల్ము ఒకే వస్తువు కాదు. అడుగున పారదర్శకమైన పట్టీ. దానిపై జెలాటిన్ అను జిగురుపొర, ఇది పశువుల ఎముకలనుండియు చర్మములనుండియు తీయు మాంసకృత్తు. ఆ జిగురులో వెండి లవణముల మిక్కిలి సన్నని పలుకులు. కెమెరాలో వెలుగు తగిలిన పలుకులను ల్యాబులో డెవలపరు అను ద్రవము నల్లని వెండిగా మార్చును. ఆ ద్రవము క్షారగుణము కలది. అందలి హైడ్రోక్వినోను తన ప్రోటానులను క్షారమునకు సమర్పించిన పిమ్మటనే పని మొదలిడును. క్షారపు నీటిలో జెలాటినును ఉబ్బి ద్రవమునకు దారి యిచ్చును. పని ముగిసినంతనే పలుచని ఎసిటికామ్లములో ముంచినచో, క్షారము చల్లారి మార్పు ఆగిపోవును. వెలుగు తగులని వెండి లవణము ఇంకను మిగిలియుండును. దానిని తీసివేయునది ఆమ్లమును కాదు, క్షారమును కాదు. ‘హైపో’ అను లవణము. వెండి లవణములను హైపో కరగించునని 1819లో జాన్ హెర్షెల్ కనిపెట్టెను. అది వెండి అయానును చుట్టుముట్టి నీటిలోనికి తీసికొనిపోవును. హైపోలో నేరుగా ప్రబలమైన ఆమ్లము కలిపినచో అదియే విరిగి, గంధకము తెల్లని పాలవలె తేలును. చిత్రము తయారగుటయందు ఇన్ని కరగుటలున్నవి. ప్రతిదానికి దాని వేళ, దాని మోతాదు కలవు.

నశించుటయందును అట్లే. వేడి కాస్టిక్ సోడా నీటిలో వేసినచో జెలాటిన్ కరగి, బొమ్మనంతను మోసిన వెండి విడివడును. ఆ వెండిని నత్రికామ్లములో కరగించి, ఉప్పునీటితో పెరుగుగడ్డవలె దింపి తీయవచ్చును. ఆడుట ముగిసిన ప్రింట్లను మన దేశమున ఈ వెండికొరకు తూకమునకు అమ్మిన రోజులు కలవు. ఎన్ని పాటలు, ఎన్ని పద్యములు ఆ విధముగా కాలిపట్టాలైనవో! ఆ వ్యాపారులను మాత్రమే నిందించుట న్యాయము కాదు; ఆనాడు పాత చిత్రమునకు మరియొక విలువ యున్నదని తలంచినవారు అరుదు.

1950 ప్రాంతమువరకు ఫిల్ము పట్టీ సెల్యులోసు నైట్రేటుతో చేసెడివారు. హెచ్. ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’, 1932లో విడుదలైన మన తొలి తెలుగు టాకీ, ఆ కాలపుది. దాని ప్రతి యొక్కటియు నేడు కానరాదు. నైట్రేటు పట్టీ కాలక్రమమున నత్రజని వాయువులను విడుచును. అవి తేమతో కలసి నత్రికామ్లమగును. వెండిని కరగించు ఆమ్లమదియే యని పైన చెప్పితిమి. బొమ్మ పాలిపోవును, జిగురు బంకయగును, రీలు గడ్డకట్టి తుదకు గోధుమరంగు పొడియై రాలును. అది మండు స్వభావము గలది గూడ. 2003 జనవరిలో పూనాయందు జాతీయ చలనచిత్ర భాండాగారపు నైట్రేటు రీళ్లు అగ్నికి ఆహుతియైనవి.

ఈ ప్రమాదము లేని పట్టీ కావలెనని తరువాత సెల్యులోసు ఎసిటేటును వాడిరి. ‘మాయాబజార్’ (1957) మొదలుకొని మన పెద్దలు మెచ్చిన చిత్రములనేకము ఈ కాలపువి. దీనికి సేఫ్టీ ఫిల్మని పేరు. నిప్పు విషయములో అది నిజమే. కాని పత్తిలోని సెల్యులోసునకు ఎసిటికామ్లపు తునకలను జతచేసి దీనిని తయారుచేయుదురు. ఆ జతలు నూనెలలో చెప్పిన ఎస్టరు ముడులే. గాలిలోని తేమ, వేడి తోడుకాగా, ఒక్కొక్క ముడిని విప్పును. ముడి విప్పినప్పుడెల్ల ఒక ఎసిటికామ్లపు అణువు బయటపడును. దాని ప్రోటాను ప్రక్కనున్న ముడిని నీరు మరింత సులువుగా కోయుటకు తోడ్పడి, తాను మాత్రము ఖర్చుకాక మిగులును. కలసియున్న కాపురములో తగవు పెట్టి, తాను తప్పుకొని, ప్రక్కయింటికి పోవువానివంటి దిది. రెండవ ముడి విడివడగా మరియొక ఆమ్లపు అణువు. ఇప్పుడు తగవులమారులు ఇరువురు. వడ్డీకి వడ్డీ పెరిగినట్లు, మొదట చాలకాలము తెలియకుండ, తరువాత మిక్కిలి వేగముగా పెరుగును. డబ్బా మూత బిగించియున్నచో ఆవిరి పోవుటకు దారిలేక మరింత త్వరపడును. మూత తీయగనే ముక్కు పగులు వెనిగరు వాసన; పట్టీ కురచయై, పెళుసై, ముడుతలు పడి, యంత్రములో ఎక్కకుండ పోవును.

బలహీనమైన ఆమ్లము ఇట్లు ఘోరకార్యము చేయుటకు కావలసినది బలము కాదు. తగిన ముడియు, కాలమును మాత్రమే.

21 డిగ్రీల వేడిలో, మితమైన తేమలో క్రొత్త ఎసిటేటు ఫిల్ము ఈ వ్యాధి బయటపడుటకు ముందు నలువది, ఏబది యేండ్లు నిలుచునని పరిశోధకుల యంచనా. ఇంకొక పది డిగ్రీలు పెరిగినచో అందు సగమైనను నిలువదు. మదరాసు ఉక్కను, నలువది డిగ్రీలు దాటు హైదరాబాదు వేసవిని తలచుకొన్నచో, మామూలు గదులలో దశాబ్దములు పడియున్న రీళ్ల గతి యేమగునో ఊహింపవచ్చును.

తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఈ పాఠము విని, ‘ఆమ్లము పుట్టినచో సున్నపు నీటిలో ముంచిన చాలదా?’ అని అడిగెను. మంచి ప్రశ్న. కాని ఎస్టరు ముడిని క్షారము ఆమ్లముకంటె చురుకుగా కోయును; సబ్బు తయారగుట అందుకు సాక్ష్యము. పైగా క్షారపు నీటిలో జెలాటిన్ ఉబ్బి బొమ్మ చెదరును. విరుగుడనుకొన్నదియే రెండవ శత్రువగును. తెగిన ముడులను మరల వేయు ఉపాయము నేటికిని లేదు. చేయగలిగినది వేగమును తగ్గించుటయే: చలువగది, పొడిగాలి, ఆవిరిని పీల్చు పదార్థములు, వాసన వచ్చు రీళ్లను మంచివానినుండి వేరుచేయుట, ఫిల్ము యంత్రములో ఎక్కునంతవరకే దానిని కంప్యూటరులోనికి ఎక్కించుట. 2010లో ‘మాయాబజార్’ను రంగులలో మరల చూడగలిగితిమనగా, దాని ఫిల్ము అందుకు వీలైన స్థితిలో మిగిలియుండుటచేతనే గదా. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్ము పరిరక్షణను గూర్చి శిక్షణ తరగతులు జరిపిరి. ఈ నగరమునకు అట్టివి ఒక్కసారితో చాలవని నా యభిప్రాయము.

భాండాగారములలో వ్యాధిని కనిపెట్టుటకు నీలిరంగు కాగితపు ముక్కను డబ్బాలో పెట్టి మూయుదురు. మన లిట్మసు కాగితమునకు అది దాయాది. ఆమ్లపు ఆవిరి సోకిన కొలదిని నీలము ఆకుపచ్చయై, పిమ్మట పసుపు రంగగును.

తల్లిదండ్రుల యిండ్లలోను ఈ ఫిల్ము కలదు. పెండ్లి ఫోటోల నెగటివులు చాలవరకు ఎసిటేటువే. ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటుకపై పెట్టినవి యున్నచో, ఒకసారి దింపి వాసన చూడుడు. పులుపు లేనిచో, ఆమ్లము లేని కాగితపు కవరులలో వేసి, ఇంటిలో చల్లనైన పొడిచోట, వంటగదికి దూరముగా ఉంచుడు. పులుపు తగిలినచో వానిని తక్కినవానినుండి వేరుచేసి, ఈ వేసవి రాకముందే స్టూడియోకు తీసికొనిపోయి ప్రతులు తీయించుడు.